నట్ల ఫోనును విప్పిన చెయ్యి

చార్జరు వైరు నిలబడటం లేదు.

సంతోషి మళ్లీ గుచ్చింది. ఫోను కింది రంధ్రంలో అది పట్టు దొరకనట్టు అటూ ఇటూ ఆడి, జారి చాప మీద పడింది. తెర నల్లగా ఉంది. మీట ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

"జ్యోతికా!"

ఆడపడుచు నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చింది. "ఏంది వదినా, పొద్దుగాల్నే లొల్లి?"

"నిన్న ఫోను నీ దగ్గరుండె. ఏం జేసినవ్?"

"క్లాసు జూసిన. చార్జింగ్ ఖతమైంది. తెచ్చి వంటింట్ల గట్టు మీద పెట్టిన. గంతే."

"కింద పడేసినవా?"

"ఆ ఇటుకను పడేస్తే మన నేల పగుల్తది గని దానికేమైతది?"

వేరే రోజైతే సంతోషి నవ్వేదే. ఇవాళ నవ్వు రాలేదు.

పదకొండింటికి ఎల్బీ నగర్‌లో మహిళా సంఘం మీటింగ్. ఇళ్లకు వెళ్లి రోగుల్నీ ముసలివాళ్లనూ చూసుకునే ఆయాల సంఘం అది. ఎవరో దాత సభ్యులందరికీ ఫోన్లు కొనిస్తామన్నారు. ఏ ఫోను కావాలో మీరే తేల్చుకోండి అన్నారు. సంతోషి పట్టుకుని తిరుగుతున్న నట్ల ఫోనా, డీలరు రాఘవేంద్ర తెచ్చే తళతళల ఫోనా అన్నది ఇవాళ తేలిపోతుంది. నట్ల ఫోను గెలిస్తే సంఘం ఆఫీసులోనే ఒక రిపేరు టేబులు వేస్తారు. ఆ టేబులు దగ్గర కుర్చీ సంతోషిది. పెళ్లయ్యాక తన పేరు మీద వచ్చే మొదటి పని.

చూపించడానికి ఉన్నది ఈ ఒక్క ఫోనే.

వెనక మూతను గోటితో లేపింది. దీనికి జిగురు ఉండదు. ఇంట్లో అందరూ దీన్ని నట్ల ఫోను అని వెక్కిరించేది అందుకే. లోపల ఏ ముక్క పాడైతే ఆ ముక్కను చిన్న స్క్రూలు విప్పి మార్చుకోవచ్చు. బ్యాటరీ ఉంది. స్క్రూలన్నీ బిగించే ఉన్నాయి. ఫోనును కిటికీకేసి పట్టి రంధ్రంలోకి చూసింది.

వెలుతురు అడ్డం లేకుండా లోపలికి పోయింది. వైరును పట్టుకోవలసిన చార్జింగ్ ముక్క అక్కడ లేదు.

పాడవలేదు. ఎవరో విప్పారు. ముక్క తీశారు. మళ్లీ స్క్రూలు బిగించి, ఏమీ ఎరగనట్టు గట్టు మీద పెట్టారు.

సంతోషికి ఒళ్లు మండిపోయింది. మామూలు ఫోనయితే వేడి పెట్టాలి, జిగురు కరగాలి, అంచు మీద గీత పడాలి. ఏదో ఒక ఆనవాలు మిగిలేది. దీనికి ఆనవాలే ఉండదు. ఎవరైనా విప్పుకోవచ్చనే కదా ఏరికోరి దీన్ని కొన్నది!

మెట్ల మీద చెప్పుల చప్పుడు. కింద మొబైల్ రిపేరు షాపు, పైన ఇల్లు. టీ కోసం ఆమె భర్త మహిపాల్ పైకొచ్చాడు.

"ఏమైంది? గట్ల నిలబడ్డవేంది?"

"ముక్క ఏడున్నది?"

"ఏ ముక్క?"

"నాటకాలొద్దు. చార్జింగ్ ముక్క. మీటింగ్ దినమే మాయమైంది. నీకెరుక లేకుంటనే?"

మహిపాల్ ఫోను అందుకుని, కన్ను దగ్గర పెట్టుకుని చూశాడు. "నిజమే. లేదు." అతని గొంతులో ఆశ్చర్యం ఉందో, ఊరట ఉందో సంతోషికి అంతుపట్టలేదు.

"నిన్న సాయంత్రం ఏమన్నవ్? గీ ఫోన్లొస్తే షటర్ దించుకునుడే అన్నవా లేదా?"

"అన్న. ఇప్పుడు గూడ అంట. గిరాకీ ఇంట్ల కూసోని తనంతట తనే ఇప్పుకుంటే నా దగ్గరికెవడొస్తడు? షటర్ దించి, సామానంత అమ్మి, అందరం కలిసి ఊరికి పోదాం. అమ్మ ఊర్ల ఇల్లు ఇంక నిలబడే ఉన్నది గదా."

వంటింట్లో అత్త ఒత్తుతున్న చపాతీ కర్ర చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

"గందుకని ముక్క తీస్తవా?"

"నేను తియ్యలే!"

"మరి ఆ రాఘవేంద్ర నీకు దోస్తే గదా. ఆయన ఫోన్లు అమ్ముడుపోతే నీ షాపుకు గిరాకీ. పనిగట్టుకొని తీయించిండేమో."

"సంతోషీ, నోరు జర అదుపుల పెట్టుకో." మహిపాల్ ఫోనును చాప మీదికి విసిరినంత పని చేశాడు. "అసలు గీ ఫోను మీద నీకెందుకే గింత మోజు? ఫొటో దీస్తే మన మొఖాలు మనకే గుర్తువట్టరాదు. వాన పడితే సంచిల దాసుకోవాలె. జేబుల పెడితే లాగు జారుతది. సర్వీస్ సెంటరు ఈ దేశంలనే లేదు."

"ఎందుకో నీకెరుక."

అతనికి ఎరుకే. పెళ్లికి ముందు సంతోషి నగరం అవతల ఒక ఫోన్ల ఫ్యాక్టరీలో పనిచేసింది. రోజంతా నిలబడి ఫోను వీపులకు జిగురు పూసే పని. నీళ్లకు పోవాలన్నా సూపర్‌వైజర్ను అడగాలి. ఒకరోజు పక్కన నిలబడ్డ ప్రసన్న ఆ వాసనకు కళ్లు తేలేసి పడిపోయింది. ఇద్దరు వచ్చి ఆమెను గోడ వారకు లాగారు. బెల్టు మాత్రం ఆగలేదు. ప్రసన్న ముందుకు రావలసిన ఫోన్లు కూడా సంతోషి ముందుకే వచ్చాయి. సంతోషి వాటికీ జిగురు పూసింది. ఆ వాసన ఇప్పటికీ కొత్త ఫోను డబ్బా తెరిచినప్పుడల్లా ముక్కుకు తగులుతుంది.

"కూలోళ్లను మంచిగ జూసుకుంటున్నమని నీ కంపెనీవోడు డబ్బా మీద రాసుకున్నడు, నువ్వు నమ్మినవ్," అన్నాడు మహిపాల్. "పోయి జూసినవా?"

"అది చూడలే. కానీ పడ్డ మనిషిని పక్కకు గుంజి బెల్టు నడిపినోళ్లను చూసిన. వీళ్లు అడిగితే జవాబన్న ఇస్తున్నరు. ముక్క పోతే ముక్కనే మార్చుకోమంటున్నరు, ఫోను పారేయమంటలేరు. నాకు గది చాలు."

"మరి మార్చుకో! ముక్క ఏడ దొరుకుతదో చెప్పు, నేనే పోయి తెస్త."

సంతోషికి అక్కడే దెబ్బ తగిలింది. తళతళల ఫోనుకు ఏ ముక్క కావాలన్నా దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో చాయ్ తాగి వచ్చేలోపు దొరుకుతుంది. నట్ల ఫోనుకు ప్రతి ముక్కా విడిగా అమ్ముతారు, నిజమే. కానీ అమ్మేది సముద్రాల అవతల.

జ్యోతిక అప్పటికే అన్న ఫోనులో కంపెనీ పేజీ తెరిచింది. "వదినా, ముక్క ఉన్నదట. కానీ మన దేశానికి పంపరట. ఎవరితోనన్న తెప్పించుకోవాలె."

"ఎన్ని దినాలు?"

"నెల పైనే పడ్తదేమో."

మహిపాల్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, కనీసం తిట్టడానికైనా వీలుండేది.

అప్పుడే లింగస్వామి టిఫిన్ కోసం పైకొచ్చాడు. అత్తకు సొంత తమ్ముడు. ఊరు వదిలి వచ్చినప్పటి నుంచీ అక్క ఇంట్లోనే తిని, కింద షాపులోనే పనిచేస్తున్నాడు.

"చిన్నాయనా, ఈ ఫోను నువ్వేమన్న ఇప్పినవా?"

లింగస్వామి ఫోను చూశాడు. తర్వాత వంటింటి గుమ్మం వైపు చూశాడు. "నాకేమెరుక బిడ్డా," అని టిఫిన్ గిన్నె కూడా తీసుకోకుండా దిగిపోయాడు.

"చూసినవా?" అన్నాడు మహిపాల్. "నన్నంటున్నవ్ గని, మామ మొఖం జూసినవా?"

సంతోషి వంటింట్లోకి నడిచింది.

అత్త పీట ముందు కూర్చుని చపాతీ ఒత్తుతోంది. ఆమె వేళ్లు కణుపుల దగ్గర వంగిపోయి ఉంటాయి. నల్గొండ దిక్కు ఊళ్లో చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడు నీళ్లు ఎముకల్లో పెట్టిన వంకర అది. చీరకు పిన్నీసు పెట్టుకోవడం కూడా చేతకాదు. జాకెట్టు హుక్కులు జ్యోతిక పెట్టాలి.

ఆ వేళ్లతోనే ఆమె నట్ల ఫోను విప్పుతుంది.

ఇవాళ్టి మీటింగ్ కోసం సంతోషి దాచి ఉంచిన అసలు అస్త్రం అదే. మగవాళ్లు కింద ఉన్నప్పుడు, ఇదే వంటింట్లో, అత్తాకోడళ్లిద్దరూ తలుపు దగ్గరగా వేసుకుని నేర్చుకున్నారు. మొదట్లో చీమ తలంత స్క్రూలు జారి పొయ్యి కిందికి దొర్లేవి. షాపులో అయితే అయస్కాంతం పలక ఉంటుంది. ఇక్కడేముంది? సంతోషి చపాతీ పిండి కాస్త గిల్లి, బిళ్లలా అద్ది, "ఏ స్క్రూ ఏడికెళ్లి తీస్తే ఆ వరసల్నే దీని మీద గుచ్చు అత్తమ్మా," అంది. అత్త చిన్నపిల్లలా మురిసిపోయింది. "నా చేతులతోని ఐతదా బిడ్డా?" అన్నది మొదటి రోజు. చివరికి కళ్లు మూసుకుని విప్పేదాకా వచ్చింది. ఈ సంగతి ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

"అత్తమ్మా, తయారు గా. ఫోను నడవకున్నా సరే, నువ్వు ఇప్పి చూపించు. ఆడోళ్లు నీ చేతులు చూస్తే చాలు," అంది సంతోషి గొంతు తగ్గించి.

అత్త తల ఎత్తలేదు. "నేను రాను బిడ్డా."

"ఏంది?"

"వేళ్లు గుంజుతున్నయ్. జొరమొచ్చినట్టుంది. నువ్వు పో."

"ఇయ్యాలనే గుంజాల్నా అత్తమ్మా!" సంతోషి గొంతు తనకే తెలియకుండా లేచింది. "ముక్క పాయె. ఇప్పుడు నువ్వు గూడ రానంటవ్. నేనొక్కదాన్నే పోయి ఏం చూపియ్యాలె, నా మొఖమా?"

అత్త చపాతీని పెనం మీద వేసింది. అది మాడి వాసన వచ్చేదాకా తిప్పలేదు.

* * *

ఎల్బీ నగర్ మెట్రో మెట్లు దిగేసరికి సంతోషి జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. జిల్లా బస్సులు వరసగా ఆగి జనాన్ని కుమ్మరిస్తున్నాయి. ఎవరో భుజంతో తోశారు, ఎవరో కాలు తొక్కారు. బ్యాగులో చచ్చిన ఫోను, బరువుగా, నిజంగానే ఇటుకలా ఉంది.

సంఘం ఆఫీసు ఒక మందుల దుకాణం పైన గది. లోపల ఆడవాళ్లు నిండుగా కూర్చున్నారు. రాఘవేంద్ర ముందే వచ్చాడు. అద్దంలా మెరిసే ఫోన్లు చేతులు మారుతున్నాయి. ఎవరో సెల్ఫీ దిగారు. "అబ్బ, గింత తెల్లగున్ననా నేను!" అని ఎవరో అంటే గది గొల్లుమంది.

"రా సంతోషీ, నీ కోసమే చూస్తున్నాం." సంఘం కార్యదర్శి ఉదయలక్ష్మి కుర్చీ చూపించింది. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. మాటలో చక్కెర ఉండదు, మోసమూ ఉండదు. "మీ అత్తగారేరమ్మా? ఆవిడ చేతే విప్పిస్తానన్నావుగా. బోర్డు మీద పేరు రాయిద్దామని చూస్తున్నాను. ఆవిడ పేరేంటి?"

సంతోషి అలవాటుగా ఇబ్బందిగా నవ్వింది. పెళ్లయిన రోజు నుంచీ అత్త పేరు ఆమె నోట రాలేదు. వాళ్ల ఇళ్లల్లో కోడలు పలకకూడదు. దవాఖానలో చీటీ రాసేవాళ్లు అడిగినా జ్యోతికను ముందుకు నెట్టేది. "ఆమెకు పానం బాగలేదక్కా. రాలే."

"సరే, ఫోను చూపించు."

చెప్పక తప్పలేదు. ఫోను చచ్చిందని, ముక్క ఎవరో తీశారని చెప్పింది. గదిలో గుసగుసలు లేచాయి.

"తీసిన్రో, దానంతట అదే పాయెనో!" వెనక వరసలోంచి ఒకామె.

"రిపేరు షాపోళ్ల ఇంట్లనే గిట్లయితే మన ఇండ్లల్ల ఎట్ల?" ఇంకొకామె.

రాఘవేంద్ర వినయంగా లేచాడు. "సంతోషి వదిన మంచిదే చెప్తుంది. కాదనను. కానీ ఒక మాట అక్కా. ఆ ముక్క ఇప్పుడు కావాలంటే ఎక్కడ దొరుకుతుందో అడగండి."

ఉదయలక్ష్మి సంతోషి వైపు తిరిగింది. "చెప్పమ్మా."

"నెల పట్టొచ్చక్కా."

"నెలా? ఫోను లేకపోతే మా వాళ్లకు డ్యూటీ ఎక్కడో తెలీదు. నెలంతా ఎవరు తిండి పెడతారు?"

"గందుకే రిపేరు టేబులక్కా. అన్ని ముక్కలూ నాలుగైదు చొప్పున ముందే తెప్పించి ఇక్కడ పెట్టుకుంటం. పోయిన ముక్క అప్పుడే మారుస్తం. గా ఫోన్ల తీరు కాదు, బ్యాటరీ ఉబ్బితే ఫోనే పారేసుడు కాదు. ఏండ్లకేండ్లు నడుస్తది. ఫొటోలు మంచిగ రావు, నేనే ఒప్పుకుంటున్న. బరువు గూడ ఉంటది. కానీ మనమే బాగు చేసుకుంటం."

"మాట బాగానే ఉంది," అంది ఉదయలక్ష్మి. "విప్పి చూపించు మరి. ఏ ముక్క పోయిందో మేమూ చూడాలిగా."

సంతోషి చిన్న స్క్రూడ్రైవరు తీసింది. మొదటి స్క్రూ మీద పెట్టి తిప్పింది. అది గాడిలో కూర్చోకుండా జారిపోయింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది.

"తుప్పు పట్టిందేమో," అన్నారెవరో. నవ్వులు.

సంతోషి ఫోనును ట్యూబ్‌లైటు కిందికి తెచ్చి స్క్రూ తలలోకి చూసింది. గాడిలో ఏదో తెల్లగా, గట్టిగా పేరుకుని ఉంది. పిన్నీసు మొనతో గీకింది. పొడిలా రాలింది. పక్క స్క్రూ చూసింది. అందులోనూ ఉంది. కాస్త గీకి, స్క్రూడ్రైవరును గట్టిగా నొక్కి నాలుగైదింటిని విప్పి చేతిలోకి తీసుకుంది; తలల్లో ఇంకా ఆ తెలుపు మిగిలే ఉంది. పొడిని వేలి మీదికి తీసుకుని, ఎవరూ చూడకుండా నాలుకకు అద్దుకుంది.

గోధుమ పిండి.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఆడవాళ్లు మాట్లాడుతున్నారు. సంతోషికి ఏదీ వినబడలేదు.

మహిపాల్ కాదు. రాఘవేంద్ర కాదు. షాపులో ఎవరు విప్పినా స్క్రూలు అయస్కాంతం పలక మీదే పెడతారు. పిండి బిళ్ల మీద గుచ్చే చెయ్యి ఈ హైదరాబాద్ మొత్తంలో ఒక్కటే. ఆ చేతికి ఆ పని నేర్పింది తనే.

నిన్న సాయంత్రం మహిపాల్ ఊరి మాట ఎత్తినప్పుడు అత్త అన్నం ముందు నుంచి లేచిపోవడం ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ ఊళ్లో ఇప్పుడు మంచినీళ్లు వస్తున్నాయని ఎందరు చెప్పినా అత్త నమ్మదు. "ఆ నీళ్లు నా ఎముకలు తిన్నయ్. మళ్ల రేపు పుట్టే నా మనుమలయి తినాల్నా?" అంటుంది. చుట్టం చావుకు పోయినా సీసాలో నీళ్లు పట్టుకుపోయి, సాయంత్రం బస్సుకే తిరిగొచ్చే మనిషి. షటరు దిగితే ఊరికి. ఊరికి పోతే ఆ నీళ్లకు. కొడుకు కోపంలో అన్నది ఆమెకు తీర్పులా వినబడింది.

"ఏమైందమ్మా? అలా బిగుసుకుపోయావు?" ఉదయలక్ష్మి.

"ఏం లేదక్కా."

"ఏదో ఉంది. ఎవరు తీశారో నీకు తెలిసింది."

సంతోషి స్క్రూలను గుప్పిట్లో మూసింది. తన తల అడ్డంగా ఊగిందో, నిలువుగా ఊగిందో ఆమెకే తెలియదు.

ఉదయలక్ష్మి లేచి చీర చెంగు దోపుకుంది. "చూడు సంతోషీ. ఫోను మంచిదే కావచ్చు. కానీ సొంత ఇంట్లోనే ఎవరో దాన్ని చంపేశారంటే, కారణం ఏంటో నా వాళ్లకు నేను చెప్పుకోవాలి. లేకపోతే నువ్వే ముక్క దాచి కథలు చెప్తున్నావంటారు. ఇప్పుడే అనేస్తున్నారు కూడా. పద, మీ ఇంటికి నేనూ వస్తాను. నా ముందు పేరు తేలితే, ముక్క దొరికితే, నీ టేబులు నీది. తేలకపోతే సాయంత్రం రాఘవేంద్ర కాగితాల మీద సంతకం పెట్టేస్తాను."

"అక్కా, ఇయ్యాల వద్దు..."

"ఇవాళే."

* * *

ఇద్దరూ మెట్రో ఎక్కారు. చైతన్యపురిలో ఎక్కిన కోచింగ్ పిల్లలు ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు. అందరివీ కొత్తవే, అందరివీ మెరిసేవే. ఏ ఫోను వీపుకు ఎవరు జిగురు పూశారో అని సంతోషికి ఎప్పుడూ వచ్చే ఆలోచన ఇవాళ రాలేదు. ఆమె మనసంతా ఒక పిండి బిళ్ల చుట్టూ తిరుగుతోంది.

అత్తమ్మే చెప్పుకుంటుంది, అనుకుంది. నేను అడగను. గుమ్మంలో నన్ను చూడగానే తనే చెప్పేస్తుంది. ముక్క చేతిలో పెడుతుంది. అంతే.

షాపు ముందుకు వచ్చేసరికి లింగస్వామి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన బట్టల సంచి. దాని మీద చుట్టిన దుప్పటి.

"ఏంది చిన్నాయనా ఇది?"

సమాధానం పైనుంచి వచ్చింది. మహిపాల్ ముఖం ఎర్రగా కందిపోయింది. "దొంగ దొరికిండు. నన్నన్నవ్ గదా పొద్దుగాల? ఇప్పుడు మామ నోటితోనే ఇను."

"నేనే తీసిన బిడ్డా," అన్నాడు లింగస్వామి నేల చూస్తూ. "షాపు మూతపడ్తదని భయపడ్డ. తప్పయింది. పోతున్న."

"షాపుల నమ్మకం లేనోడితోని పని జేయించుకోలేను," అన్నాడు మహిపాల్. కానీ అతను మామ సంచి వైపు చూడలేకపోయాడు. నడక నేర్చింది ఆ మేనమామ వేలు పట్టుకునే.

ఉదయలక్ష్మి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "సరే. ముక్క ఎక్కడుంది?"

"పారేసిన."

"ఎక్కడ?"

"మురుగు మోర్ల."

"ఏ మోరీలో?"

లింగస్వామి చెయ్యి ముందు ఒక దిక్కు, తర్వాత ఇంకో దిక్కు చూపింది. జ్యోతిక తలుపు పట్టుకుని ఏడుస్తోంది. అన్నను తిడుతోంది, మామను ఉండమని బతిమాలుతోంది. సంతోషి కింది మెట్టు మీద అతని ముందు కూర్చుంది.

"చిన్నాయనా, నా దిక్కు చూడు. స్క్రూలు తీసి ఏడ పెట్టినవ్?"

"ఏడ పెడ్తరు? పలక మీద."

"అయస్కాంతం పలక మీదనే?"

"ఆఁ."

"మరి స్క్రూల తలలల్ల పిండెట్లొచ్చింది?"

లింగస్వామి కళ్లలో ఏదో చిక్కబడింది. పిండి సంగతి అతనికి తెలియదు. కానీ పిండి ఎవరి చేతికి ఉంటుందో తెలుసు. పొద్దున వంటింటి గుమ్మం వైపు చూసిన చూపే మళ్లీ చూశాడు. గొంతు బాగా తగ్గించాడు. "ఊకో బిడ్డా. నీకు దండం పెడ్త. రాత్రి ఆమె చేతుల్ల గీ ఫోను చూసిన. నేనొక్కణ్ణే ఉన్న, ఎక్కడన్న బతుకుత. ఆమె ఏడికి పోతది?"

"ఏం గుసగుసలు?" మహిపాల్ గద్దించాడు.

సంతోషి లేచింది. మెట్లెక్కింది. హాలు దాటి వంటింటి గుమ్మంలో నిలబడింది. ఉదయలక్ష్మి, మహిపాల్, జ్యోతిక ఆమె వెనకే వచ్చారు. లింగస్వామి కూడా సంచి వదిలేసి పైకి వచ్చాడు.

అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. కుడి గుప్పిట చీర కొంగులో చుట్టి ఉంది. వంకర వేళ్లు కొంగు లోపల దేన్నో నలుపుతున్నాయి.

"అత్తమ్మా," అంది సంతోషి. "చిన్నాయన పోతున్నడు."

అత్త కొంగును గుప్పిట చుట్టూ ఇంకో చుట్టు చుట్టుకుంది.

"నీ తమ్ముడు దొంగై పోతున్నడు అత్తమ్మా. నువ్వన్న ఏమన్న చెప్పు."

పొయ్యి మీద పాలు పొంగుకొచ్చాయి. ఎవరూ కదల్లేదు. పాలు పొంగి, పొయ్యి ఆరి, గ్యాసు వాసన వచ్చాక జ్యోతిక వెళ్లి తిప్పింది.

"అమ్మనెందుకు అడుగుతున్నవ్?" అన్నాడు మహిపాల్ చిరాగ్గా. "ఆమె పిన్నీసు పెట్టుకోలేదు, స్క్రూ ఏమిప్పుతది?"

అత్త తల ఎత్తి కోడల్ని చూసింది. ఆ చూపులో బతిమాలడం ఉంది. దాని అడుగున, మహిపాల్ మాటకు ఎక్కడో తగిలిన రోషం కూడా ఉంది. ఆ రోషాన్ని సంతోషి ఒక్కతే పోల్చుకుంది. నా చేతులతోని ఐతదా బిడ్డా అని అడిగిన మనిషి. ఐతది అని తను నమ్మించిన మనిషి.

చెప్పకపోతే లింగస్వామి వీధిలో పడతాడు. టేబులు పోతుంది. ప్రసన్నను లాగిపడేసిన ఫోన్లే సంఘమంతా చేతుల్లో పట్టుకు తిరుగుతుంది. చెబితే ఈ వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకుని నవ్వుకున్న రోజులు ఇంకెప్పుడూ రావు.

"సంతోషీ," ఉదయలక్ష్మి గొంతు ఈసారి మెత్తగానే ఉంది. "నాకు టైము లేదమ్మా. అతను కాదని నీకు తెలుసు, నాకూ తెలుస్తోంది. ఫోను విప్పింది ఎవరు? పేరు చెప్పు."

సంతోషి గుప్పిట తెరిచింది. అరచేతిలో స్క్రూలు, వాటి తలల్లో తెల్లటి పిండి. అత్త వాటిని చూసింది. కొంగు లోపలి వేళ్లు ఆగిపోయాయి.

ఒక్క మాట అను అత్తమ్మా. నేను అనకముందే నువ్వు అను.

అత్త కళ్లు దించుకుంది.

ఇన్నేళ్లుగా దవాఖానలో, రేషన్ షాపులో, చివరికి ఇవాళ సంఘం బోర్డు ముందు కూడా పలకని పేరు సంతోషి నాలుక మీదికి వచ్చి ఆగింది. మహిపాల్ ఆమె ముఖం చూశాడు. అతనికి అప్పుడే ఏదో అర్థమైనట్టు ఒక అడుగు ముందుకు వేశాడు.

"సంతోషీ, ఆగు..."

"సుమిత్రమ్మ," అంది సంతోషి. "ఫోను ఇప్పింది సుమిత్రమ్మ. మా అత్తమ్మ."